సీతారావమ్మ అచ్చులో మాగని ముక్క

నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్ళే దారిలో, మామిడికాయల కమిషన్ దుకాణాలు దాటాక, ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు మీద రంగు రాలిపోయి ‘వల్కనైజింగ్’ అన్న మాటలో చివరి రెండక్షరాలే మిగిలాయి. ఆ షెడ్డులో టైర్ల గాయాలు మాన్పే మనిషి పేరు సీతారావమ్మ. గాయం మానేదాకా కూర్చున్నవాళ్ళకి కబుర్లు చెప్పే మనిషిని నేను. పేరు ఫణి.

నా గురించి నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పుకుంటాను. పాలిటెక్నిక్ రెండో ఏడు మానేసినవాణ్ణి. మానేశానని నేనంటాను, మా నాన్న ఇంకో మాట అంటాడు. కోతలు కోయడంలో మాత్రం ఈ చుట్టుపక్కల నాకు జోడీ లేదు. మా తాత తోటలో ఒక రసంకాయ పండి రాలితే ఆ అదురుకి విజయవాడలో రైలు పది నిమిషాలు ఆగిపోయిందని చెప్పి, రైల్వేలో పనిచేసిన మనిషి చేతే “ఔనౌను, ఆ రోజు నేను డ్యూటీలోనే ఉన్నా” అనిపించాను. ఒక లారీ టైరు ఊడిపోయి, ఒక్కటే దొర్లుకుంటూ చింతలపూడి దాకా పోయి, అక్కడ గాలి కొట్టించుకుని తిరిగొచ్చిందని చెబితే, ఆ గాలి కొట్టినవాడెవడో నాకు తెలుసన్నాడు ఒకాయన.

సీతారావమ్మ నన్ను పనిలో పెట్టుకున్నది కూడా అందుకే. పెద్ద చీలిక పడిన టైరు అచ్చులో గంటా పావు ఉండాలి. డ్రైవర్లకి పది నిమిషాలకే కాళ్ళు ఆగవు. లేచి వచ్చి “అయిందా అమ్మా” అంటారు. ఇంకో ఐదు నిమిషాలకి “తీసి చూడరాదా” అంటారు. అచ్చు మధ్యలో తెరిస్తే పనంతా పాడు. నేను వచ్చాక వాళ్ళెవరూ లేవడం మానేశారు. నా అబద్ధాలకి దొరికిన ఒకే ఒక్క మంచి ఉద్యోగం అది.

ఆవిడకి యాభై ఆరేళ్ళు. కళ్ళద్దాలు జారిపోకుండా సైకిల్ ట్యూబులోంచి కోసిన సన్నటి పట్టీ తల వెనక్కి కట్టుకుంటుంది. మోచేతుల కింద కాలిన మచ్చలు, గాజులు లేని చోటల్లా. వాళ్ళ నాన్న బస్సు డిపోలో టైర్ల సెక్షన్‌లో పనిచేసేవాడట. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్ళిన పిల్ల ఆయన తిన్నంతసేపూ అచ్చుల దగ్గర నిలబడి చూసేది. ఖాళీ క్యారేజీతో తిరిగి రావలసిన పిల్ల రోజురోజుకీ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. పదహారేళ్ళకి మొదటి టైరు అతికింది. పెళ్ళి చేసుకున్న రామచంద్రరావుగారు తోటలకి కాపలా మనిషి. ఆయనకి టైరంటే గుండ్రంగా ఉంటుందని తప్ప ఇంకేమీ తెలియదు. ఆవిడ షెడ్డు పెడతానంటే, సరే, నీ ఇష్టం అన్నాడు. కొత్తలో వచ్చినవాళ్ళు తొంగిచూసి, “మేస్త్రీ లేడా అమ్మా?” అని అడిగేవారట.

“ఉన్నాడు. టైరు దింపండి” అనేదట ఆవిడ.

పని గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే నేను చేసిందేమిటో తెలియదు.

పచ్చి రబ్బరుని మేం గమ్ము అంటాం. అది పిండిలా సాగుతుంది. వేలు నొక్కితే వేలి గుర్తు అలాగే ఉండిపోతుంది. టైరు చీలికని గీకి శుభ్రం చేసి, అందులో ఈ గమ్ముని పొరలు పొరలుగా కూరి, పైన ఇనప అచ్చు బిగించి, కరెంటు హీటరుతో కాలుస్తాం. దింపాక అదే రబ్బరు గోరు నొక్కితే వెనక్కి లేస్తుంది, ఏ గుర్తూ ఉంచుకోదు. పుస్తకాల్లో దీన్ని వల్కనైజేషన్ అన్నారు. సీతారావమ్మ ‘మాగడం’ అంటుంది. వరిగడ్డిలో వేసిన కాయ ఏం చేస్తుందో అచ్చులో వేసిన గమ్మూ అదే చేస్తుందని ఆవిడ లెక్క.

ఆ గమ్ములో ఉన్నది ఒక రబ్బరు కాదు, రెండు. ఒకటి చెట్టు పాలది, కేరళ నుంచి వస్తుంది. రెండోది ఫ్యాక్టరీలో చమురు నుంచి తీసింది. రెండూ కలిపిన ముద్దలో గంధకం కూడా ఉంటుంది. వేడి తగిలితే గంధకం దారంలా పనిచేసి, విడివిడిగా జారిపోతున్న రబ్బరు పోగుల్ని ఒకదానితో ఒకటి కుట్టేస్తుంది. ఆ కుట్లే బలం. చిక్కేమిటంటే రెండు రబ్బర్లూ ఒకే వేగంతో కుట్టించుకోవు.

“చెట్టు రబ్బరుకి ఆకలెక్కువరా” అని ఆవిడ నాకు మొదటి వారంలోనే చెప్పింది. “గంధకం వడ్డించగానే తినేస్తుంది. ఫ్యాక్టరీది నిదానంగా తింటుంది. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారు. వడ్డించేవాడు తొందరపడ్డాడనుకో, ఒకడికి అజీర్తి, ఒకడికి పస్తు. అందుకే సన్నవేడి, గంటా పావు.”

వేడి మరీ ఎక్కువైతే చెట్టు రబ్బరులో పడిన కుట్లే మళ్ళీ తెగిపోతాయి, మెత్తబడిపోతుంది. ఫ్యాక్టరీ రబ్బరు మాత్రం ఇంకా ఇంకా బిగుసుకుంటుంది. పైగా రబ్బరు వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు. మందంగా ఉన్న చోట పైన మాడుతున్నా నడుమ పచ్చిగానే ఉంటుంది. ఇదంతా నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఇంకో సంగతి ఉంది. కమిషన్ దుకాణంలో కొనేవాడు నమ్మాలంటే బుట్టలోంచి ఒక కాయ తీసి, వాడి కళ్ళ ముందే అడ్డంగా కోసి చూపిస్తారు. సీతారావమ్మ టైరుకీ అదే పద్ధతి పెట్టింది. చీలికలో ఎంత మందం గమ్ము పట్టిందో అంతే మందం ముద్ద ఇంకోటి చేసి, దాని మీద మేకుతో బండి నంబరు గీసి, అచ్చు పక్కనున్న గుంటలో పెట్టి టైరుతో పాటే కాలుస్తుంది. దాన్ని ‘తోడు ముక్క’ అంటుంది. పనయ్యాక ఆ ముక్కని టైరు మనిషి ఎదురుగా కత్తితో కోసి లోపల చూపిస్తుంది. అంచు నుంచి నడుమ దాకా ఒకే నలుపు ఉంటే టైరు ఇస్తుంది. తేడా ఉంటే ఇవ్వదు, మొత్తం పీకి మళ్ళీ మొదలుపెడుతుంది. కోసిన ముక్కలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసుకుంటుంది. ముప్పై ఏళ్ళలో అలాంటి డబ్బాలు పదకొండయ్యాయి.

పోయిన ఏడు మే నెలలో తోడికోడలి కూతురి పెళ్ళికని ఆవిడ చింతలపూడి వెళ్ళింది. ఒక్క రోజు. వెళ్తూ వెళ్తూ, “ట్యూబు పంక్చర్లు వెయ్యి. పెద్ద గాయాలొస్తే రేపు రమ్మను” అంది.

పది గంటలకి మల్లయ్య వచ్చాడు. రెడ్డిగూడెం మనిషి, తోటల నుంచి కాయలు తోలే ట్రాక్టరు నడుపుతాడు. ట్రాక్టరు వెనక తగిలించే ట్రక్కు టైరు పక్కభాగంలో జానెడు చీలిక.

“పిన్ని లేదా?” అన్నాడు.

“పెళ్ళికెళ్ళింది. నేనున్నాగా.”

“నువ్వుంటే కథలుంటాయి గానీ టైరుండదు గదా ఫణిబాబూ. ఇవాళ్టికి పాత స్టెప్నీతో నెట్టుకొస్తాలే. రేపొస్తా.”

అక్కడ కూర్చున్న ఇద్దరు లారీ డ్రైవర్లు నవ్వారు. మల్లయ్య మామూలుగా అన్నాడు, వాళ్ళు మామూలుగా నవ్వారు. ఆయన టైరు ఎత్తుకుని వెళ్ళిపోతున్నాడు కూడా. నేనే పిలిచాను.

“పిన్ని గంటా పావులో చేసేది నేను అరగంటలో చేస్తా, కూర్చో మల్లయ్యా. ఆవిడది పాతకాలం పద్ధతి. నేను చదువుకున్నవాణ్ణి.”

“ఎంతదాకా చదివావేంటి?”

“టైరుకి సరిపడా.”

మళ్ళీ నవ్వారు, ఈసారి నా వైపున. మల్లయ్య టైరు దింపాడు. చీలికలో గమ్ము కూరి, తోడు ముక్క మీద ఆయన బండి నంబరు 4417 గీసి గుంటలో పెట్టాను.

హీటరు నాబ్ మీద నూట నలభై అయిదు డిగ్రీల దగ్గర ఆవిడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టుకుంది. నేను ఆ చుక్క దాటించి నూట ఎనభైకి తిప్పాను. ఇరవై ఐదు నిమిషాలు. ఆ ఇరవై ఐదు నిమిషాలూ ఒక కొండముచ్చు మామిడితోటకి మేనేజరయిన కథ చెప్పాను. కథ బాగా వచ్చింది. ఇప్పుడు ఒక్క ముక్క కూడా చెప్పలేను.

అచ్చు తెరిస్తే అతుకు నిగనిగలాడుతోంది. బొటనవేలితో నొక్కాను. వెనక్కి లేచింది. ఇక్కడ పనికి రాకముందు రెండు సీజన్లు కమిషన్ దుకాణంలో కాయలు ఏరాను. తొడిమ దగ్గర వేలితో నొక్కి కాయ లోపలి సంగతి చెప్పేవాణ్ణి. ఈ ఊరివాళ్ళ చేతికి అదొక రోగం. దేన్ని చూసినా నొక్కి చూస్తాం, నొక్కితే తెలిసిపోతుందనుకుంటాం. రెండు రబ్బర్ల ముద్ద దగ్గర ఆ విద్య పనిచేయదు. మెత్తబడిపోతున్న దాన్ని బిగుసుకుపోతున్నది కప్పేస్తుంది, వేలికి సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

తోడు ముక్క గుంటలోంచి తీస్తే దాని అంచు నుంచి పచ్చి గంధకం వాసన వచ్చింది. మాగిన ముక్కకి ఆ వాసన ఉండదు. కత్తి చేతిలో ఉంది. డ్రైవర్లు ముగ్గురూ చూస్తున్నారు. నేను కోస్తున్నట్టు వాళ్ళకి వీపు తిప్పి, ఆ ముక్కని గుడ్డలో చుట్టి టూల్ బాక్సులో వేసి, డబ్బాలోంచి ముందు రోజు ఆవిడ కోసిన ముక్క ఒకటి తీశాను. దాని మీద వేరే లారీ నంబరుంది. ఆ నంబరు మీద బొటనవేలు పెట్టి, కోసిన వైపు మల్లయ్యకి చూపించాను.

“అరగంటలో చేశాడయ్యా” అన్నాడు మల్లయ్య మిగతా ఇద్దరి వైపు తిరిగి. “చదువు చదువే.”

మూడో రోజు పొద్దున క్రేట్లు నింపుకుని వస్తుంటే కాలవ కల్వర్టు మలుపులో ఆ అతుకు డబ్బా మూతలా ఎగిరిపోయింది. ట్రక్కు ఒక పక్కకి ఒరిగింది. క్రేట్ల పైన కూర్చున్న మల్లయ్య భార్య మంగమ్మ కాయలతో పాటు కింద పడింది. కుడిచేతి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆవిడ కాయలు కోసే మనిషి. చిక్కం కర్ర పట్టే చెయ్యి అదే.

వార్త వచ్చిన గంటలోపే నేను టీ కొట్టు దగ్గర కథ కట్టేశాను. కల్వర్టు గోడలోంచి ఇనప ఊచ ఒకటి బయటికి వచ్చి ఉందనీ, అది టైరుని చీరేసిందనీ. ఊచ పొడవు మొదట జానెడు చెప్పాను. సాయంత్రానికి మూరెడయింది. ఎప్పటిలాగే నమ్మారు.

మర్నాడు మల్లయ్య ఆ టైరు తెచ్చి షెడ్డు ముందు దించాడు. సీతారావమ్మ చుట్టూ పదిమంది చేరారు. ఆవిడ కత్తిని నీళ్ళలో ముంచి, చీలికలో మిగిలిపోయిన గమ్ముని అడ్డంగా కోసింది. కత్తి నడుమకి వెళ్ళేసరికి అంటుకుంది. లోపల సన్నసన్నటి బుడగలు, బూడిదరంగు. మందు వేసి తొందరగా పండించిన కాయని కోస్తే పైన పసుపు, టెంక దగ్గర తెలుపు ఉంటుంది చూడండి, అలా.

“తోడు ముక్క చూపించాడా మల్లయ్యా?”

“చూపించాడమ్మా. చివరిదాకా ఒకే నలుపు. నా కళ్ళతో చూశా.”

ఆవిడ బిస్కెట్ల డబ్బా తీసి లోపల వేళ్ళు పెట్టి కెలికింది. పైన ఉన్న ముక్కలు ఒకటొకటే తిప్పి నంబర్లు చూసింది. 4417 లేదు. మూత పెట్టేసింది. నా వైపు చూడలేదు.

“తప్పు నాదే మల్లయ్యా” అంది.

“నీ తప్పేంటమ్మా, ఊచ గుచ్చుకుందంట గదా. ఫణిబాబు చెప్పాడు.”

“ఊచ లేదు. రబ్బరు మాగలేదు. నా అచ్చులోదే.”

మల్లయ్య కాసేపు టైరు వైపు చూసి, “సరేనమ్మా” అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఆయన టైర్లు జి. కొండూరులో ఇంకో షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాయి. ఆయనవే కాదు. ఆవిడ చెయ్యి వణుకుతోందని ఒకరు, చూపు ఆనట్లేదని ఒకరు అనుకున్నారు. ఇదంతా జరుగుతున్నప్పుడు నేను రెండు మూరల దూరంలో టూల్ బాక్సు మీద కూర్చుని ఉన్నాను. ఆ ముక్క నా కిందే ఉంది. నోరు తెరిస్తే చాలు. లేని ఏనుగుల్నీ కొండముచ్చుల్నీ అంత తేలిగ్గా పలికే నోరు, ఉన్న ఒక్క ముక్కని పలకలేకపోయింది.

ఆవిడ నన్ను ఏమీ అడగలేదు. మర్నాడు “నాబ్ ముట్టుకోకు” అంది, అంతవరకే. టీ తెప్పిస్తే నాకూ ఇచ్చేది. ఆ టీ తాగడం ఎంత కష్టమో చెబితే అదీ కోతలాగే ఉంటుంది.

నలభై రోజులు గడిచాయి. ఒకరోజు ఎవరో కుర్ర డ్రైవరు, తోడు ముక్క కోసి చూపిస్తుంటే, “అమ్మా, కళ్ళు బానే కనపడుతున్నాయా మీకు?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

“కనపడుతున్నాయి బాబూ” అని ఆవిడ కళ్ళద్దాల పట్టీ సరిచేసుకుంది. ఆ ముక్కని అతని చేతికిచ్చి, “నువ్వే చూసుకో” అంది.

అతను వెళ్ళాక అడిగాను. “పిన్నీ, ఎందుకు చెప్పలేదు?”

“నా అచ్చులోంచి వచ్చింది. నువ్వు నా షాపులో మనిషివి. నేనేం చెప్పాలి?”

“నన్ను మాన్పించెయ్.”

“మాన్పిస్తే ఇంకోచోట ఇదే చేస్తావు. ఇక్కడైతే నాకు తెలుస్తుంది.” గమ్ము చుట్ట విప్పుతూ, తల ఎత్తకుండానే అంది: “టూల్ బాక్సు మూత సరిగ్గా వెయ్యరా. నలభై రోజుల నుంచి గంధకం వాసన.”

ఆ మధ్యాహ్నమే ముక్క జేబులో వేసుకుని రెడ్డిగూడెం వెళ్ళాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో కట్టుకున్నాను. ఏది కట్టినా కథలాగే తయారవుతోంది.

మంగమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. పిండికట్టు విప్పేశారు. ఆస్పత్రిలో ఇచ్చిన రబ్బరు బంతిని కుడిచేత్తో నొక్కుతోంది. బంతి లేస్తోంది గానీ వేళ్ళు పూర్తిగా మూసుకోవడం లేదు. మల్లయ్య పక్కనే మంచం నవారు బిగిస్తున్నాడు. నేను నిలబడే చెప్పాను. వేడి పెంచానన్నాను, ఇరవై ఐదు నిమిషాలన్నాను, ఊచ లేదన్నాను, వేరే ముక్క చూపించానన్నాను.

మల్లయ్య నవారు వదిలి నవ్వాడు.

“ఏంటి ఫణిబాబూ, ఈసారి నువ్వే దొంగవా? కొండముచ్చు కథే బావుంది.”

“కథ కాదు మల్లయ్యా.”

“నాకు తెలుసులే. పిన్ని షాపు ఖాళీ అయిపోతోందని నెత్తినేసుకుంటున్నావు. మంచోడివే.” భార్య వైపు తిరిగాడు. “చూశావా, ఆవిడ కోసం నింద మోస్తున్నాడు.”

“కూర్చో బాబూ” అంది మంగమ్మ. “ఈ రోజుల్లో అట్టా ఎవరు చేస్తారు?” ఎడమచేత్తోనే పళ్ళెం లాక్కుని, ఎడమచేత్తోనే మామిడిపండు కోసి నా ముందు పెట్టింది. ముక్కలు వంకరగా, ఒకటి లావు ఒకటి సన్నం. “తిను.”

జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను, చెప్పినందుకు నాకు మంచోడని పేరొచ్చింది. నేను తల దించుకుని ఆ ముక్కల వైపు చూశాను. ఒక్కటి కూడా ముట్టుకోలేదు. జేబులోంచి గుడ్డ మూట తీసి విప్పి, రబ్బరు ముక్కని నంబరు పైకి ఉండేలా పళ్ళెం పక్కన పెట్టాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

మల్లయ్యకి చదువు రాదు. తన బండి నంబరు మాత్రం వచ్చు. ముక్క ఎత్తి, అంకెల మీద వేలు పెట్టి నాలుగూ తడిమాడు. మళ్ళీ తడిమాడు. నవ్వు ఎక్కడ ఆగిందో నాకు కనిపించింది.

“కొయ్యి” అన్నాడు.

పండు కోసిన కత్తితోనే కోశాను. కత్తి నడుమలో అంటుకుంది. రెండు చెక్కలూ వాళ్ళ ముందు పెట్టాను. పైన నలుపు, లోపల బూడిద, బుడగలు. నలభై రోజులైనా ఆ వాసన పోలేదు.

మంగమ్మ ఒక చెక్క తీసుకుని నడుమన బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. రబ్బరు వెనక్కి లేవలేదు. వేలి గీతలతో సహా గుర్తు అలాగే ఉండిపోయింది. దాన్నే చూస్తూ అడిగింది: “ఆవిడకి తెలుసా?”

“తెలుసు.”

“మొదటి నుంచీనా?”

“కోసినప్పటి నుంచి.”

“మరి నువ్వు నలభై రోజులు...” అని ఆపేసింది. పళ్ళెం మీద ఈగ వాలితే తోలింది. పండు ముక్కలు నా ముందు నుంచి తీసెయ్యలేదు, తినమనీ మళ్ళీ అనలేదు. చెక్కని నా వైపు జరిపి, “ఇది తీసుకెళ్ళి ఆవిడ డబ్బాలో వెయ్యి” అంది.

తెచ్చి ఇచ్చాను. సీతారావమ్మ చెక్కలు రెండూ తిప్పి చూసింది. వేలి గుర్తు దగ్గర ఆగింది. అది ఎవరిదని అడగలేదు. పన్నెండో డబ్బా ఇంకా సగం కూడా నిండలేదు, అందులో వేసి మూత పెట్టింది.

మల్లయ్య నెల తర్వాత మళ్ళీ వచ్చాడు, ఇంకో టైరుతో. పిన్నితో బాగానే మాట్లాడాడు, క్షమించమని కూడా అన్నాడు. ఆవిడ నాబ్‌ని ఎర్రచుక్క దగ్గర పెట్టి, నన్ను పిలిచి, “గంటా పావు. గడియారం చూస్తూ కూర్చో” అంది. ఆయన బల్ల మీద, నేను టూల్ బాక్సు మీద, ఎదురెదురుగా కూర్చున్నాం. కథ చెప్పమని ఆయన అడగలేదు. నాకు రాలేదు. గంటా పావు ఎంత పొడుగో నాకు అంతవరకూ తెలియదు.

సమయం కాగానే తోడు ముక్క తీసి, కోసి, చూపించాను. అంచు నుంచి నడుమ దాకా ఒకే నలుపు. నా వేళ్ళు అంచుల మీద ఉన్నాయి, నంబరు స్పష్టంగానే కనిపిస్తోంది. అయినా మల్లయ్య ముందుకు వంగి, నా బొటనవేలిని పట్టుకుని ఇంకొంచెం పక్కకి జరిపి, నాలుగంకెలూ ఒక్కొక్కటే చదువుకున్నాడు.

ఇప్పటికీ ఎప్పుడొచ్చినా అలాగే జరుపుతాడు. నేను చెయ్యి చాపి ఉంచుతాను.